ఇంటి వైఫై మీ చేతిలో ఉండాలంటే: డబ్బా బిగించడం నుంచి తాళం వేసుకోవడం దాకా

మిర్యాలగూడలో మా అక్కవాళ్లది రెండంతస్తుల ఇల్లు. కింద వాళ్లుంటారు, పైన రెండు పోర్షన్లు కిరాయికి ఇచ్చారు. పోయిన ఎండాకాలం వెళ్లినప్పుడు నేను చెప్పులు విడవకముందే అక్క అడిగింది: "తమ్మీ, నెట్ పొద్దంతా మంచిగనే ఉంటది. మాపటికి సుడి తిరుగుడే తిరుగుడు. జర చూడరాదా?"

రౌటర్ పేజీ తెరిచి చూశాను. 19 పరికరాలు కలిసి ఉన్నాయి. ఇంట్లోవి లెక్కపెట్టాం. నాలుగు ఫోన్లు, ఒక టీవీ, మేనకోడలి ల్యాప్‌టాప్, సీసీ కెమెరాల డబ్బా. మొత్తం ఏడు. మిగతా 12 ఎవరివో ఎవరికీ తెలియదు. వైఫై పాస్‌వర్డ్ ఏమిటంటే బావ ఫోన్ నంబరు. ఆ నంబరు గేటుకు కట్టిన 'టు లెట్' బోర్డు మీద పెద్ద అంకెల్లో ఉంది.

బావ చేసిన తప్పేమీ లేదు. కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన అబ్బాయి "గుర్తుండేటట్టు మీ నంబరే పెట్టిన సార్" అని చెప్పి వెళ్లిపోయాడు. మన దగ్గర చాలా ఇళ్లలో జరిగేది ఇదే. ఆ రోజు మధ్యాహ్నం కూర్చుని మేం చేసిన పనులు, కొత్తగా కనెక్షన్ తీసుకునేవాళ్లు ముందే చూసుకోవాల్సినవి, రెండూ కలిపి ఇక్కడ రాస్తున్నాను. ఇంజనీరింగ్ చదివి ఉండాల్సిన పని లేదు. ఒక ఫోను, ఒక నోటుబుక్కు, రెండు గంటల తీరిక చాలు.

ఎవరు వాడినా పేరు మీదే

నెట్ స్లో కావడం చిన్న ఇబ్బంది. అంతకన్నా పెద్ద విషయం ఇంకొకటి ఉంది. 2008 జులై 26న అహ్మదాబాద్‌లో వరుస పేలుళ్లు జరిగాయి. వాటికి కాస్త ముందు టీవీ ఛానళ్లకు వచ్చిన బెదిరింపు ఈమెయిల్, నవీ ముంబైలో ఉంటున్న ఒక అమెరికా పౌరుడి ఇంటి కనెక్షన్ నుంచి వెళ్లినట్టు పోలీసులు కనుక్కున్నారు. పంపింది ఆయన కాదు. ఆయన వైఫైకి సరైన రక్షణ లేకపోవడంతో ఎవరో దాన్ని వాడుకున్నారు. కానీ పోలీసులు ముందు వచ్చింది ఆయన ఇంటికే. కనెక్షన్ ఎవరి పేరున ఉంటే ప్రశ్న వాళ్లకే వస్తుంది. కిరాయిదార్లు, వచ్చిపోయే చుట్టాలు, పక్కింటి పిల్లలు ఉండే ఇంట్లో ఇది గుర్తుపెట్టుకోవాలి.

డబ్బా ఎక్కడ పెట్టాలి

మిషన్ భగీరథ పైపుల కోసం తవ్విన కందకాల్లోనే తెలంగాణ ప్రభుత్వ ఇంటర్నెట్ పథకం టీ-ఫైబర్ కేబుల్ కూడా వేశారు. అది కావచ్చు, బీఎస్ఎన్ఎల్, జియో, ఎయిర్‌టెల్ కావచ్చు, ఊళ్లో కేబుల్ ఆపరేటర్ కావచ్చు. ఇప్పుడు ఎక్కువగా ఇంట్లోకి వచ్చేది వెంట్రుకంత సన్నని గాజు తీగ. అది వచ్చి కలిసే డబ్బాను ఓఎన్‌టీ అంటారు. జనం మోడెమ్ అనే అంటారు. చాలావరకు అందులోనే వైఫై రౌటర్ కూడా ఉంటుంది. కొందరికి రెండు డబ్బాలు వేరువేరుగా ఉంటాయి.

బిగించడానికి వచ్చినవాళ్లకు పని త్వరగా ముగియాలి. అందుకని తీగ ఇంట్లోకి వచ్చిన కిటికీ పక్కనే డబ్బాను గోడకు బిగించేస్తారు. ఇల్లంతా ఒకవైపు, డబ్బా ఒక మూల. సగం సిగ్నల్ వీధి పాలు. కాబట్టి గోడకు రంధ్రం వేయకముందే చెప్పండి: "తీగ ఇంకో పది మీటర్లు లోపలికి తీసుకొచ్చి హాల్లో పెట్టండి" అని. అదనంగా కొంచెం అడిగినా ఇవ్వండి. తర్వాత ఎన్ని ఎక్స్‌టెండర్లు కొన్నా ఆ పది మీటర్ల లోటు తీరదు.

ఇంటి మధ్యన, ఐదారు అడుగుల ఎత్తున, చుట్టూ ఖాళీ ఉన్న చోటు మంచిది. టీవీ వెనక, ఫ్రిజ్ మీద, ఇనప బీరువా పక్కన, గోడ అల్మారాలో తలుపు వేసి పెట్టొద్దు. ఇనుము సిగ్నల్‌ను వెనక్కి కొడుతుంది, నీళ్లు పీల్చుకుంటాయి. డబ్బాకూ పడకగదికీ మధ్య నీళ్ల ట్యాంకు ఉంటే ఆ గదిలో సిగ్నల్ తగ్గుతుంది. యాంటెన్నాలు బయటికి ఉంటే నిలువుగా నిలబెట్టండి. సిగ్నల్ యాంటెన్నా కొన నుంచి కాకుండా దాని పక్కల నుంచి చుట్టూ పరుచుకుంటుంది. నిలువుగా ఉంటే అదే అంతస్తంతా బాగా అందుతుంది. పై అంతస్తుకు కూడా కావాలంటే ఒకదాన్ని పక్కకు పడుకోబెట్టి చూడండి.

పాలమూరు వైపు, ముఖ్యంగా కొడంగల్, నారాయణపేట చుట్టుపక్కల పాత ఇళ్లలో మందపాటి రాతి గోడలు ఉంటాయి. అలాంటి గోడ ఒక్కటి అడ్డమొస్తే వైఫైలో వేగంగా ఉండే 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ దాదాపు చచ్చిపోతుంది. ఆ ఇళ్లకు ఏం చేయాలో చివర్లో చెబుతాను.

గాజు తీగను మాత్రం బలంగా మడవొద్దు, మేకుకు బిగించి కట్టొద్దు. లోపల వెలుతురు ప్రయాణిస్తుంది. వేలి చుట్టూ తిప్పినంత మలుపు వచ్చినా వెలుతురు బయటికి కారిపోవచ్చు. డబ్బా మీద లాస్ అని రాసిన లైటు ఎర్రగా వెలుగుతుంటే వెలుతురు అందడం లేదని అర్థం. అప్పుడు రౌటర్‌ను ఎన్నిసార్లు ఆపి వేసినా లాభం లేదు, ఆపరేటర్‌కు ఫోన్ చేయాల్సిందే.

కరెంటు సంగతి

వేసవిలో నల్లగొండలో 44, 45 డిగ్రీల ఎండ. డబ్బా మీద గుడ్డ కప్పడం, ఎండ పడే కిటికీలో పెట్టడం మానండి. వేడెక్కిన రౌటర్ తనంతట తాను ఆగి మళ్లీ మొదలవుతుంటుంది. ఈదురుగాలి, ఉరుములు మొదలైతే అడాప్టర్‌ను సాకెట్ నుంచి పీకేయండి. స్విచ్ ఆపితే సరిపోదు. మిద్దె మీదుగా రాగి లాన్ వైరు లాగి కనెక్షన్ ఇచ్చిన చోట దాన్ని కూడా డబ్బా నుంచి తీసేయండి, పిడుగు దెబ్బ ఆ వైరు వెంట వచ్చి పోర్టును కాల్చేస్తుంది.

కరెంటు పోయినా నెట్ ఉండాలంటే చిన్న రౌటర్ యూపీఎస్ దొరుకుతుంది. కొనే ముందు అడాప్టర్ మీది అక్షరాలు చదవండి. వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి. చాలావాటికి 12 వోల్టులు ఉంటుంది. ఆంపియర్లు అంతే గానీ ఎక్కువ గానీ ఉండాలి. డబ్బాలు రెండుంటే యూపీఎస్‌కు రెండు తీగలు ఉండాలి.

రౌటర్ పేజీలోకి వెళ్లడం

ప్రతి రౌటర్‌కూ లోపల ఒక సెట్టింగ్స్ పేజీ ఉంటుంది. దాని చిరునామా డబ్బా అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది. 192.168.1.1 లేదా 192.168.0.1 ఎక్కువగా కనిపించేవి. జియో డబ్బాలకు 192.168.29.1. స్టిక్కర్ చెరిగిపోతే ఫోన్‌లో వైఫై సెట్టింగ్స్‌కు వెళ్లి, మీ నెట్‌వర్క్ పేరు మీద నొక్కితే గేట్‌వే అనో రౌటర్ అనో ఒక నంబరు కనిపిస్తుంది. అదే.

ముందు ఆ ఇంటి వైఫైకి ఫోన్‌ను కలపండి, మొబైల్ డేటా ఆపండి. బ్రౌజర్ పైన చిరునామా గడిలో ఆ నంబరు కొట్టండి. 'ఈ సైట్ సురక్షితం కాదు' అని హెచ్చరిక వస్తే ఈ ఒక్క చోట కంగారు పడకండి, మీరు మాట్లాడుతున్నది మీ ఇంట్లోని డబ్బాతోనే.

పేజీ యూజర్ పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది. స్టిక్కర్ మీదివి కొట్టి చూడండి. పని చేయకపోతే ఆపరేటర్‌ను అడగండి. "కనెక్షన్ నా పేరున ఉంది, వైఫై సెట్టింగ్స్ నేను మార్చుకోవాలి" అని గట్టిగా అడిగితే ఇస్తారు. పూర్తి అధికారాలు ఇవ్వకపోయినా వైఫై మార్చుకునే లాగిన్ ఇస్తారు.

ఇక్కడ ఒక హెచ్చరిక. యూట్యూబ్‌లో చూసి డబ్బా వెనక రీసెట్ రంధ్రంలో పిన్ను గుచ్చొద్దు. అది మీరు సొంతంగా కొన్న రౌటర్ అయితే ఫర్వాలేదు. ఆపరేటర్ ఇచ్చిన ఓఎన్‌టీ అయితే వైఫై పాస్‌వర్డ్‌తో పాటు వాళ్లు కనెక్షన్ కోసం పెట్టిన వివరాలు కూడా తుడిచిపెట్టుకుపోవచ్చు. మళ్లీ వాళ్లు వచ్చేదాకా ఇంట్లో నెట్ ఉండదు. నేను ఒకసారి నా ఇంట్లోనే ఇలా చేసి మూడు రోజులు టెన్షన్ పడ్డాను. ఏం మార్చినా ముందు ఆ పేజీని ఫోటో తీసుకోండి. బ్యాకప్ అనే బటన్ ఉంటే అది కూడా నొక్కి ఫైలు దాచుకోండి.

మొదట మార్చాల్సింది రెండో పాస్‌వర్డ్

వైఫైకి కలవడానికి ఒక పాస్‌వర్డ్, సెట్టింగ్స్ మార్చడానికి ఇంకొకటి ఉంటాయి. జనానికి మొదటిది మాత్రమే తెలుసు. నా దృష్టిలో రెండోదే ముఖ్యం. వైఫై పాస్‌వర్డ్ తెలిసినవాడు మీ నెట్ వాడుకుంటాడు. అడ్మిన్ పాస్‌వర్డ్ తెలిసినవాడు మీ నెట్ ఎటు పోవాలో నిర్ణయిస్తాడు. మీరు బ్యాంకు పేరు కొట్టినా తాను తయారుచేసిన దొంగ పేజీకి మళ్లించగలడు. అక్కవాళ్ల ఇంట్లో రెండో పాస్‌వర్డ్ 'అడ్మిన్' అనే మాటే. వైఫైకి కలిసిన ఆ 12 పరికరాల వాళ్లలో ఎవరైనా లోపలికి వెళ్లి ఉండవచ్చు.

2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రాం ప్రపంచమంతా లక్షల రౌటర్లను, కెమెరాలను లొంగదీసుకుంది. దాని దగ్గర గొప్ప విద్య ఏమీ లేదు. కంపెనీలు పెట్టి పంపే యూజర్ పేర్లు, పాస్‌వర్డ్‌లు ఓ 60 దాకా జాబితాగా ఉన్నాయి, అవి ఒక్కొక్కటీ కొట్టి చూసింది, అంతే. పాస్‌వర్డ్ మార్చిన ఇళ్ల దగ్గర ఆ జాబితా పని చేయలేదు.

సిస్టమ్ టూల్స్, అడ్మినిస్ట్రేషన్, మేనేజ్‌మెంట్ ఇలాంటి పేర్ల కింద అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చే చోటు ఉంటుంది. వైఫై పాస్‌వర్డ్‌కు ఏ పోలికా లేనిది పెట్టండి. దాన్ని నోటుబుక్కులో రాసి పట్టా పాసుపుస్తకం ఉన్న ఫైల్లో పెట్టండి. కాగితం మీద రాయొద్దని కొందరంటారు. ఇంటి రౌటర్ విషయంలో నేను ఒప్పుకోను. ఈ పాస్‌వర్డ్ వెతికేవాడు నెట్ ద్వారా వస్తాడు, మీ బీరువా దాకా రాడు.

లోపల ఉన్నప్పుడే ఇంకో రెండు చూడండి. రిమోట్ మేనేజ్‌మెంట్ అని ఉంటే ఆపేయండి. బయటి నుంచి ఎవరూ ఆ పేజీ తెరవాల్సిన అవసరం లేదు. మీరు కొట్టిన సైటు పేరుకు దాని చిరునామా నంబరు వెతికిచ్చే సర్వీసును డీఎన్ఎస్ అంటారు. ఆ డీఎన్ఎస్ అనే చోట ఆటోమేటిక్ అని ఉండాలి, లేదా మీరు తెలిసి పెట్టిన నంబరు ఉండాలి. ఎవరిదో తెలియని నంబరు కనిపిస్తే ఫోటో తీసి, ఆపరేటర్‌ను అడిగి, మార్చేయండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే అక్కడ 1.1.1.3 అని పెట్టుకోవచ్చు. క్లౌడ్‌ఫ్లేర్ ఉచితంగా ఇచ్చే ఈ సర్వీసు అశ్లీల సైట్లను, హానికర సైట్లను చాలావరకు అడ్డుకుంటుంది. ఆపరేటర్ డబ్బాల్లో కొన్నింటిలో ఈ గడి మార్చనివ్వరు. అప్పుడు పిల్లల ఫోన్‌లోనే ప్రైవేట్ డీఎన్ఎస్ సెట్టింగ్‌లో క్లౌడ్‌ఫ్లేర్ ఫ్యామిలీ సర్వీసు పేరు ఇచ్చుకోవాలి.

ఫర్మ్‌వేర్ అంటే డబ్బా లోపలి సాఫ్ట్‌వేర్. దాని అప్‌డేట్ కనిపిస్తే చేయండి. ఆటో అప్‌డేట్ ఉంటే ఆన్ చేయండి. ఆపరేటర్ ఇచ్చిన డబ్బాలకు మామూలుగా వాళ్లే దూరం నుంచి చేస్తారు.

వైఫై పేరు, పాస్‌వర్డ్

పేరులో ఇంటిపేరు, ఇంటి నంబరు, ఫోన్ నంబరు వద్దు. కంపెనీ పెట్టిన పేరు కూడా మార్చండి. వైఫై పాస్‌వర్డ్‌ను లోపల తాళంగా మార్చేటప్పుడు నెట్‌వర్క్ పేరును కూడా కలిపి లెక్క కడతారు. అందరికీ ఒకే పేరు ఉంటే ముందే లెక్కలు కట్టి పెట్టుకున్న పట్టికలు దొంగకు పనికొస్తాయి. మీకంటూ ఒక పేరుంటే అవి చెల్లవు.

ఇక పాస్‌వర్డ్. ఫోన్ నంబరు ఎందుకు వద్దో లెక్క వేసి చూద్దాం. డబ్ల్యూపీఏ2 అనే రకం తాళం ఉన్న వైఫైలో మీ ఫోను రౌటర్‌తో కలిసే క్షణంలో రెండింటి మధ్య కొన్ని సంకేతాలు నడుస్తాయి. గోడ అవతల ఉన్నవాడు వాటిని పట్టుకుని దాచుకోవచ్చు. తర్వాత తన ఇంట్లో కూర్చుని, మీ రౌటర్‌ను ముట్టుకోకుండానే, ఒక్కో పాస్‌వర్డ్‌నూ వేసి సరిపోయిందా అని చూడవచ్చు. ఆటలాడే కంప్యూటర్‌లో ఉండే మంచి గ్రాఫిక్స్ కార్డు సెకనుకు 10 లక్షల పాస్‌వర్డ్‌లు చూడగలదు. మన మొబైల్ నంబరు పది అంకెలు, మొదటి అంకె 6, 7, 8, 9లో ఒకటి. అంటే మొత్తం 400 కోట్ల నంబర్లు. అవన్నీ చూడడానికి 4,000 సెకన్లు, గంటా పది నిమిషాల లోపే. నంబరు గేటు మీదే ఉంటే ఆ గంట కూడా అక్కర్లేదు.

దానికి బదులు ఐదు తెలుగు మాటలు తీసుకోండి, ఒకదానికొకటి సంబంధం లేనివి. గొంగడి, బత్తాయి, ఇస్త్రీ, ఉడుత, నిచ్చెన. ఇంగ్లిష్ అక్షరాల్లో, మధ్యలో చిన్న గీతలు పెట్టి రాయండి. ఇవి నేను ఉదాహరణకు రాసినవి, వీటినే పెట్టుకోవద్దు. చీటీల మీద రాసి, డబ్బాలో కలిపి, కళ్లు మూసుకుని తీయండి. మనసుతో ఎంచుకుంటే దేవుడి పేరు, ఊరి పేరు, పిల్లల పేర్లే వస్తాయి. 2,000 మామూలు మాటల్లోంచి గుడ్డిగా నాలుగు తీస్తే, అదే కార్డు అన్ని కలయికలూ చూడడానికి ఆరు నెలలు పడుతుంది. ఐదో మాట చేరిస్తే వెయ్యేళ్లు. అందుకే ఐదు. ముసలివాళ్లకు కూడా నోటికి వస్తుంది. మా అక్క ఇప్పుడు ఏ తడబాటూ లేకుండా చెబుతుంది. పాస్‌వర్డ్ 8 నుంచి 63 అక్షరాల దాకా ఉండవచ్చు కాబట్టి పొడవు సమస్య కాదు.

పాస్‌వర్డ్ పక్కనే సెక్యూరిటీ రకం అడుగుతుంది. డబ్ల్యూఈపీ అనేది 2001లోనే పగిలింది, దాన్ని తాకొద్దు. డబ్ల్యూపీఏ3 అని 2018లో వచ్చినది కనిపిస్తే అది మంచిది. పైన చెప్పినట్టు ఇంటికి తీసుకెళ్లి లెక్కలు కట్టడం దాంతో కుదరదు, ప్రతి ప్రయత్నమూ మీ రౌటర్‌నే అడగాలి. పాత టీవీలు, పాత ఫోన్లు దానికి కలవకపోతే డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిపి ఉన్నది ఎంచుకోండి. అదీ లేకపోతే డబ్ల్యూపీఏ2 ఏఈఎస్. టీకేఐపీ అన్నది ఉంటే వదిలేయండి.

డబ్ల్యూపీఎస్ ఆపేయండి

పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్ నొక్కో, ఎనిమిది అంకెల పిన్ కొట్టో కలిపే సౌకర్యం ఇది. ఎనిమిది అంకెలంటే చాలా గట్టిది అనిపిస్తుంది. కానీ రౌటర్ ఆ పిన్‌ను రెండు ముక్కలుగా సరిచూస్తుంది. మొదటి నాలుగంకెలకు 10,000 అవకాశాలు. చివరి అంకె ముందు ఏడింటి నుంచి లెక్క కట్టి వచ్చేదే కాబట్టి రెండో ముక్కకు 1,000. కోట్లు కావాల్సిన చోట 11,000 ప్రయత్నాలతో పని అయిపోతుంది. 2011లో ఈ లోపం బయటపడింది. మీరు ఐదు మాటల పాస్‌వర్డ్ పెట్టినా ఈ దొడ్డిదారి తెరిచి ఉంటే వృథా.

సీసీ కెమెరాలు

నేను చూసిన ఇళ్లలో ఎక్కువ భయం వేసింది ఇక్కడే. దొంగతనాల భయంతో అందరూ కెమెరాలు పెట్టించుకుంటున్నారు. మంచిదే. కానీ ఫోన్‌లో ఎక్కడి నుంచైనా కనిపించాలని, బిగించినవాళ్లు రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ అనో డీఎంజెడ్ అనో ఒక దారి తెరిచి వెళ్తారు. కెమెరాల డబ్బాకు కంపెనీ పాస్‌వర్డే ఉంచుతారు, లేదంటే ఆ కుర్రాడు ఊరంతా పెట్టే ఒకే పాస్‌వర్డ్ ఉంటుంది. అలా తెరిచిన దారులను వెతుకుతూ ఇంటర్నెట్‌లో యంత్రాలు పగలూ రాత్రీ తిరుగుతుంటాయి. వాకిలి, వంటిల్లు, ఆడపిల్లలు తిరిగే హాలు ఎవరో తెలియనివాళ్ల కంటికి కనిపిస్తాయి.

చేయాల్సింది ఇది. రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్, వర్చువల్ సర్వర్, డీఎంజెడ్ అనే పేజీలు తెరిచి ఉన్నవన్నీ ఫోటో తీసి, తర్వాత తీసేయండి. యూపీఎన్‌పీ అనేది కూడా ఆపండి. పరికరాలు మిమ్మల్ని అడగకుండా తామే దారులు తెరుచుకునే సౌకర్యం అది. ఆటల కన్సోల్ ఉన్న ఇంట్లో తప్ప ఎవరికీ దాని లోటు తెలియదు. కెమెరాల డబ్బా పాస్‌వర్డ్ మార్చండి, దాని ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయండి. తర్వాత మొబైల్ డేటాతో కెమెరాల యాప్ తెరిచి చూడండి. ఇప్పటి కెమెరాలు చాలావరకు కంపెనీ సర్వర్ ద్వారా కనిపిస్తాయి, పోర్టులు తెరవకపోయినా నడుస్తాయి. పాత డబ్బా నడవకపోతే ఇంటి బయటి నుంచి చూసే సౌకర్యం వదులుకోవాలా, డబ్బా మార్చాలా అన్నది ఇంట్లో మాట్లాడుకోండి. పోర్టు మళ్లీ తెరవడం మాత్రం నేను ఎవరికీ చెప్పను. పడకగదిలో, స్నానాల గది వైపు కెమెరా ఏ సెట్టింగ్‌తోనూ వద్దు.

చుట్టాలకు, కిరాయిదార్లకు వేరే నెట్‌వర్క్

మన ఇళ్లకు దసరాకు, బతుకమ్మకు, పెళ్లిళ్లకు చుట్టాలు వస్తారు. వైఫై అడిగితే లేదని చెప్పడం మన పద్ధతి కాదు. అందుకే గెస్ట్ నెట్‌వర్క్ అనేది ఉంది. దీని పేరు వేరు, పాస్‌వర్డ్ వేరు. దీనికి కలిసినవాళ్లకు నెట్ వస్తుంది గానీ మీ ల్యాప్‌టాప్, ప్రింటర్, కెమెరాల డబ్బా కనిపించవు. కలిసినవాళ్ల పరికరాలు ఒకదానికొకటి కనిపించకుండా చేసే ఐసొలేషన్ అని ఉంటే ఆన్ చేయండి. స్మార్ట్ టీవీ, వైఫై బల్బులు, చిన్న వైఫై కెమెరాలు కూడా ఇటే కలపడం మేలు. ఏళ్ల తరబడి అప్‌డేట్లు రాని వస్తువులు అవి. ఒకటే ఇబ్బంది, ఇంటి నెట్‌వర్క్‌లో ఉన్న ఫోన్ నుంచి గెస్ట్‌లో ఉన్న టీవీకి వీడియో పంపడం కుదరదు. అది రోజూ వాడే ఇల్లయితే టీవీని ఇంటి నెట్‌వర్క్‌లోనే ఉంచండి.

ఆ రోజు పాస్‌వర్డ్ మార్చిన గంటకు పై పోర్షన్ అమ్మాయి మెట్లు దిగి వచ్చింది. "అత్తమ్మా, నెట్ వస్తలేదు, రేపు నాకు పరీక్ష ఉంది" అంది. పాత కిరాయిదార్లు వెళ్తూ వెళ్తూ పాస్‌వర్డ్ వాళ్లకు చెప్పారట. తప్పుగా అనుకోవాల్సిన పనేమీ కాదది. అక్క ఆ పిల్లకు గెస్ట్ పాస్‌వర్డ్ ఇచ్చింది, రౌటర్‌లో దానికి స్పీడు పరిమితి పెట్టాను. పోర్షన్ ఖాళీ అయిన ప్రతిసారీ గెస్ట్ పాస్‌వర్డ్ ఒక్కటి మారిస్తే చాలు, ఇంట్లో ఏ పరికరాన్నీ మళ్లీ కలపక్కర్లేదు.

ఎవరెవరు కలిశారో చూడడం

కనెక్టెడ్ డివైసెస్, క్లయింట్ లిస్ట్ అనే పేజీలో జాబితా ఉంటుంది. కొన్ని పేర్లు అర్థం కావు. 2019 తర్వాతి ఆండ్రాయిడ్, 2020 తర్వాతి ఐఫోన్లు తమ అసలు గుర్తింపు సంఖ్య దాచి వేరే సంఖ్య చూపిస్తాయి. అందుకని ఇంట్లో ఒక్కో ఫోన్‌లో వైఫై ఆపుతూ జాబితాలో ఏది మాయమవుతుందో చూసి నోటుబుక్కులో రాసుకోండి. చివరికి మిగిలింది ఎవరిదో తెలియకపోతే పాస్‌వర్డ్ మార్చడమే దారి. బ్లాక్ బటన్ నొక్కితే వాళ్లు ఇంకో సంఖ్యతో మళ్లీ వస్తారు. నెట్‌వర్క్ పేరు దాచిపెట్టడం కూడా ఇంతే. వెతికేవాడికి అది చిటికెలో దొరుకుతుంది, ఇబ్బందంతా ఇంట్లోవాళ్లకే.

రాతి గోడలు, పై అంతస్తు

ముందు రౌటర్ పక్కనే నిలబడి స్పీడ్ టెస్ట్ చేయండి. అక్కడే తక్కువ వస్తే తప్పు వైఫైది కాదు, ఆపరేటర్‌ది. అక్కడ బాగుండి గదిలో పడిపోతే సిగ్నల్ సమస్య. వైఫై ఎనలైజర్ లాంటి యాప్‌లో ఆ గదిలో సిగ్నల్ బలం మైనస్ 50 డీబీఎం దగ్గర చూపిస్తే చాలా బాగున్నట్టు. మైనస్ 67 దాకా వీడియో కాల్ ఆగదు. మైనస్ 80 అయితే నామమాత్రం.

రౌటర్ రెండు బ్యాండ్‌లలో పని చేస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటుతుంది గానీ నెమ్మది. 5 వేగం, దూరం పోదు. 2.4లో ఛానెల్ 1, 6, 11 మాత్రమే ఒకదానిమీద ఒకటి పడవు. యాప్‌లో చూసి ఈ మూడింటిలో పక్కింటివాళ్లు తక్కువగా ఉన్నది పెట్టుకోండి.

గోడ రాతిదైతే, పై అంతస్తు స్లాబ్ మందమైతే, ప్లగ్గులో పెట్టే ఎక్స్‌టెండర్ మీద డబ్బు పోయకండి. దాని దాకా వచ్చేదే బలహీనమైన సిగ్నల్, దాన్నే అది మళ్లీ పంపుతుంది. క్యాట్ 6 లాన్ వైరు ఒకటి లాగి, అవతల రెండో రౌటర్ పెట్టండి. ఆ వైరు 100 మీటర్ల దాకా పని చేస్తుంది, మన ఇళ్లకు ఎంతో ఎక్కువ. ఒకే నెట్‌వర్క్‌గా కలిసి పని చేసే మెష్ రౌటర్లు కొన్నా వాటి మధ్య ఈ వైరు ఉంటేనే వాటి పూర్తి పనితనం తెలుస్తుంది.

రెండో రౌటర్‌కు అటక మీది పాతది కూడా సరిపోతుంది, డబ్ల్యూపీఏ2 ఉంటే. దాన్ని రీసెట్ చేయండి. పేజీలోకి వెళ్లి యాక్సెస్ పాయింట్ మోడ్ ఉంటే ఎంచుకోండి, పని అయిపోయినట్టే. లేకపోతే దాని చిరునామా 192.168.1.2గా మార్చి, డీహెచ్‌సీపీ ఆపి, మొదటి రౌటర్ లాన్ పోర్టు నుంచి దీని లాన్ పోర్టుకు వైరు పెట్టండి. మొదటి రౌటర్ 192.168.0.1 అయితే దీనికి 192.168.0.2, అలా మొదటి మూడు సంఖ్యలూ కలవాలి. డీహెచ్‌సీపీ ఆపడం మరిచిపోతే రెండు డబ్బాలూ చిరునామాలు పంచడానికి పోటీ పడి ఇల్లంతా నెట్ ఆగిపోతుంది. రెండింటికీ వైఫై పేరు, పాస్‌వర్డ్, సెక్యూరిటీ రకం ఒకటే పెట్టండి, ఛానెల్ మాత్రం వేరుగా. ఫోన్ కిందికీ పైకీ తిరిగినప్పుడు దానంతట అదే మారుతుంది. అక్కవాళ్ల పై అంతస్తుకు ఇలాగే చేశాను.

వైఫై ఆపలేనివి

ఇదంతా చేసినా ఓటీపీ అడిగే ఫోన్ కాల్‌ను రౌటర్ ఆపలేదు. వాట్సాప్‌లో పెళ్లి పత్రిక, పీఎం కిసాన్, చలానా అంటూ వచ్చే ఏపీకే ఫైలును (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు) మీరే నొక్కితే ఏ తాళమూ అడ్డురాదు. డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. ఆ నంబరు కూడా నోటుబుక్కులో, పాస్‌వర్డ్‌ల పేజీ మీదే రాసిపెట్టండి.

పాత రౌటర్‌ను పాత సామాన్ల అతనికి వేసే ముందు ఒక్కసారి కరెంటు ఇచ్చి, రీసెట్ రంధ్రంలో పిన్ను పెట్టి, లైట్లన్నీ ఆరి మళ్లీ వెలిగేదాకా పదిహేను సెకన్లు నొక్కి పట్టండి. లోపల మీ వైఫై పాస్‌వర్డ్, కనెక్షన్ యూజర్ పేరు ఇంకా ఉంటాయి. వెనక స్టిక్కర్ కూడా గీకేయండి.